నకలు కూడా అదే కప్పు కిందనా?

బోధన్: శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి చెరకు బండి తోలిన రైతుకు తూకం చీటీ విలువ చెప్పనక్కరలేదు. లెక్క ఒకటి ఫ్యాక్టరీ పుస్తకంలో, రెండోది ఊళ్లో రైతు సందూకలో ఉండేవి. ఒకచోట పోతే రెండోచోట దొరికేది. 1937లో స్థాపించిన ఆ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చీటీ నేర్పిన పాఠం మాత్రం నేటి కంప్యూటర్లకూ పనికి వస్తుంది.

పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది. భూమి లెక్కలు 2020 అక్టోబరు 29న ధరణికి, 2025 ఏప్రిల్ 14న దాని స్థానే వచ్చిన భూభారతికి ఎక్కాయి. సహకార సంఘాల ఖాతాలను కంప్యూటరుకు ఎక్కించేందుకు కేంద్రం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయల పథకం మంజూరు చేసింది. అంటే మన పట్టా, మన అప్పు రెండూ ఇక యంత్రంలోనే.

ఈ లెక్కలు దాచే పెద్ద కంప్యూటరును సర్వరు అంటారు. అది చెడవచ్చు, కాలవచ్చు, మునగవచ్చు. అందుకే ఏ రోజు మార్పులు ఆ రోజే నకలు తీసి దూరాన మరో ఊళ్లో భద్రపరచాలి. పక్క గదిలో పెడితే లాభం లేదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల్లో వరద చూసినవారికి ఇది తెలుసు. నీరు ముందు గదికీ, వెనక గదికీ ఒకేసారి వస్తుంది.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటర్ల కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. ఆరు వందలకు పైగా సేవలు నిలిచిపోయాయి. ప్రభుత్వోద్యోగుల కాగితాలు దాచిన ఒక భాండాగారానికి బయట ఎక్కడా నకలు లేదు. అందులోనివి బూడిదయ్యాయి. కంప్యూటర్లలో ఆరితేరిన దేశానికే ఆ గతి పట్టింది.

మన దేశంలో జాతీయ సమాచార కేంద్రం ఢిల్లీ, పూణే, హైదరాబాదు, భువనేశ్వర్‌లలో సర్వర్ల కేంద్రాలు నడుపుతోంది. ఒక నగరానికి వచ్చిన ఆపద మరో నగరానికి ఒకేసారి రాదు గదా!

నకలు తీయడంతో పని తీరదు. అప్పుడప్పుడు దాన్ని తెరిచి, లెక్కలు సరిగా వస్తున్నాయో లేదో చూడాలి. మొలక చూడని విత్తనం, తెరిచి చూడని నకలు ఒకటే.

కనుక ఈసారి సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్లే రైతులు రెండు ప్రశ్నలు అడగాలి. మా లెక్కల నకలు ఏ ఊళ్లో ఉంది? దాన్ని చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు? జవాబు వచ్చేదాకా పాసుపుస్తకం, అప్పు కట్టిన రసీదు సందూకలోంచి తీయకపోవడమే మేలు.