గడ్డం గీసుకొనే కళ

మానవుడు ప్రతిదినం చేసే పనులలో కొన్నింటిని గూర్చి అతడు ఏనాడూ ఆలోచించడు. పళ్ళు తోముకోవడం, తల దువ్వుకోవడం, గడ్డం గీసుకోవడం అటువంటివి. ముఖ్యంగా గడ్డం గీసుకోవడం చాలామంది పురుషులకు ఒక విసుగు. వేళ మించిపోతున్నప్పుడు అయిదు నిమిషాలలో ముగించుకోవలసిన పని. అయితే ఇదే పనిని ఒక కళగా భావించి, దానికోసం తెల్లవారుజామున అరగంట ముందుగా లేచేవారు కూడా ఉన్నారు. అమెరికా, బ్రిటన్, ఇటలీ మొదలైన దేశాలలో 2000వ సంవత్సరం తర్వాత ఈ అభిరుచి బాగా వ్యాపించింది. వీరు చేతితో తయారైన సబ్బును, కుంచెను, ఒంటి బ్లేడు రేజరును వాడతారు. యంత్రాలు, డబ్బా నురుగులు చౌకగా దొరికే కాలంలో వీరు పాత పద్ధతికి ఎందుకు మరలినట్లు? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ఆ కత్తి చరిత్రను, ఆ నురుగు వెనుక ఉన్న శాస్త్రాన్ని కొంత తెలుసుకోవాలి.

పూర్వం క్షౌరం ఒకరి చేతిలోని విద్య. పిడిలోనికి మడిచే పొడవైన కత్తిని తోలుపట్టీ మీద సాన పట్టి, మరొకరి గొంతు మీద గాయం కాకుండా నడపడం ఏళ్ళ తరబడి సాధన చేస్తేగాని పట్టుబడదు. ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ పట్టణాలు ఇటువంటి కత్తులకు ప్రసిద్ధి పొందాయి. తెలుగునాట క్షురకుడు పొది చంకన పెట్టుకొని ఇంటింటికీ వెళ్ళి ఈ పని చేసేవాడు. పంటలు ఇంటికి వచ్చినప్పుడు రైతులు అతనికి గింజల రూపంలో మేర ఇచ్చేవారు. పెళ్ళిలో మంగళవాద్యం మోగించినదీ, పల్లెలో నాటువైద్యం చేసినదీ ఎక్కువగా ఈ వర్గం వారే. కాని ఊరు ఆ చేతి నైపుణ్యాన్ని వాడుకున్నంతగా ఆ చేతికి గౌరవం ఇవ్వలేదు.

ఎవరి గడ్డం వారే గీసుకోవచ్చునన్న ఆలోచనకు పుస్తకరూపం ఇచ్చినవాడు ఫ్రాన్సు దేశపు కత్తుల తయారీదారు జాన్ జాక్ పెరే. క్రీ.శ. 1769లో అతడు తన గడ్డం తానే గీసుకోవడం నేర్పే గ్రంథాన్ని ప్రచురించాడు. వడ్రంగి వాడే చిత్రికను చూసి, కత్తి అంచు చర్మంలోనికి దిగకుండా ఒక రక్షణ తొడుగును కూడా అతడు రూపొందించాడు. అమెరికాలో 1880లో కాంఫ్ సోదరులు సేఫ్టీ రేజరుకు పేటెంటు పొందారు. అయినా ఆ బ్లేడును కూడా మాటిమాటికీ సాన పట్టవలసి వచ్చేది.

ఈ ఇబ్బందిని తొలగించినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్. పదును పోగానే పారవేయదగిన పలుచని ఉక్కు బ్లేడు తయారు చేయాలని 1895లో అతనికి ఆలోచన కలిగింది. అంత పలుచని ఉక్కుకు పదును నిలిచేటంత గట్టిదనం తీసుకురావడం అసాధ్యమని నిపుణులు చెప్పారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు ఆ చిక్కును విడదీశాడు. 1901లో సంస్థ ఏర్పడింది. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. 1904లో పేటెంటు లభించింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం లక్షల సంఖ్యలో ఈ రేజర్లను కొనుగోలు చేసింది. యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులు తమతోపాటు ఈ కొత్త అలవాటును ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ తరువాతి మార్పులన్నీ వేగం కోసం జరిగినవే. 1930లలో విద్యుత్ రేజరు అంగడికి వచ్చింది. 1950 ప్రాంతంలో మీట నొక్కగానే నురుగు చిమ్మే డబ్బాలు వచ్చాయి. 1971లో రెండు బ్లేడ్లను, 1998లో మూడింటిని, 2006లో అయిదింటిని ఒకే తలలో అమర్చిన రేజర్లు వెలువడ్డాయి. మొత్తంగా పారవేసే ప్లాస్టిక్ రేజర్లు 1970లలో వ్యాపించాయి. వీటివల్ల కాలం కలిసివచ్చిన మాట నిజం. అయితే పని తేలికయిన కొద్దీ చేతికి మిగిలిన నేర్పు తగ్గింది. పలుచని బ్లేడు ఒక్కటి మార్చుకుంటే సరిపోయే చోట, ఉక్కును, ప్లాస్టిక్‌ను విడదీయరానట్లు అతికించిన తల మొత్తం చెత్తబుట్టలోనికి చేరింది.

పాత పద్ధతిని అనుసరించేవారు మొదట గ్రహించే సత్యం ఒకటుంది. గడ్డం గీయడంలో సగం పని కత్తిది కాదు, నీటిది. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినది. పొడిగా ఉన్నప్పుడు అది బిరుసుగా ఉంటుంది. గోరువెచ్చని నీటిలో రెండు మూడు నిమిషాలు నానితే, కెరటిన్ పోగుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు సడలి, వెంట్రుక మెత్తబడి, సులభంగా తెగుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2020లో ఒక ఆసక్తికరమైన విషయాన్ని వెల్లడించారు. వెంట్రుక బ్లేడు ఉక్కు కంటే సుమారు 50 రెట్లు మెత్తనిది. అయినప్పటికీ అది ఉక్కు అంచును విరచగలదు. వెంట్రుక వంగినప్పుడు, బ్లేడు అంచులో అంతకుముందే బలహీనమైన చోటు ఉన్నప్పుడు అక్కడ సూక్ష్మమైన పెచ్చు ఊడుతుందని వారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయంతో నిరూపించారు. కేవలం అరుగుదల వల్లనే బ్లేడు మొద్దుబారదని దీనివల్ల తెలుస్తున్నది.

నానిన వెంట్రుకలో నీటిని నిలిపి ఉంచడం, బ్లేడు చర్మం మీద జారేటట్లు చేయడం నురుగు చేసే పని. ఒంటిసబ్బు ఇందుకు పనికిరాదు. దాని బుడగలు పెద్దవి, త్వరగా పగిలిపోతాయి. గడ్డపు సబ్బు నురుగు మీగడవలె చిక్కగా, పది నిమిషాలైనా ఆరిపోకుండా ఉండాలి. ఈ భేదమంతా దానిలో కలిపే పదార్థాలలో ఉంది. కొవ్వు, క్షారం కలిసి సబ్బుగా, గ్లిసరిన్‌గా మారే చర్యను సఫోనీకరణం అంటారు. కాస్టిక్ సోడాతో చేసిన సబ్బు గట్టిగా ఉంటుంది. కాస్టిక్ పొటాష్‌తో చేసినది మెత్తగా ఉండి, నీటిలో సులభంగా కరుగుతుంది. గడ్డపు సబ్బు చేసేవారు సాధారణంగా ఈ రెండింటినీ కలిపి వాడతారు. కొబ్బరినూనె త్వరగా నురుగునిస్తుంది. స్టియరిక్ ఆమ్లం ఆ నురుగును నిలబెడుతుంది. గ్లిసరిన్ తేమను పట్టి ఉంచుతుంది. కొవ్వులో కొద్ది భాగం సబ్బుగా మారకుండా మిగిలేటట్లు లెక్క కడితే చర్మానికి నునుపు కలుగుతుంది. ఆ భాగం ఎక్కువైతే నురుగు చచ్చిపోతుంది.

ఈ లెక్కయే చేతితో సబ్బు చేసేవారి విద్య. వారు కొవ్వును, నూనెను, క్షారాన్ని చిన్న త్రాసులో గ్రాములలో తూచుకుంటారు. స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. క్షారం తగలగానే అది చూస్తుండగానే గట్టిపడుతుంది. అందుచేత మిశ్రమాన్ని వేడి మీదనే ఉంచి కలుపుతూ ఉండాలి. క్షారాన్ని నీటిలో వేయాలే తప్ప క్షారం మీద నీరు పోయరాదు. పోస్తే ఒక్కసారిగా వేడెక్కి పైకి చిమ్ముతుంది. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు లేకుండా ఈ పనికి పూనుకోవడం ప్రమాదకరం. సబ్బు ఉడికిన తర్వాతనే సువాసన తైలాలను కలుపుతారు. లావెండరు, చందనం, నిమ్మ వంటి సువాసనలను ఏ పాళ్ళలో కలపాలో నిర్ణయించడంలో ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క రుచి. ఇంటి వెనుక గదిలో పదుల సంఖ్యలో డబ్బాలు మాత్రమే చేసే వారి పక్కనే, లండనులో 1805 నుండి పేరు నిలుపుకొన్న ట్రూఫిట్ అండ్ హిల్, ఇటలీలో 1948 నాటి ప్రొరాసో వంటి పాత పేర్లు కూడా ఈ అభిమానుల అరలలో కనిపిస్తాయి.

సబ్బును నురుగుగా మార్చేది కుంచె. తడిపిన కుంచెతో సబ్బు మీద అరనిమిషం రుద్ది, గిన్నెలో గాని ముఖం మీద గాని కొద్దికొద్దిగా నీరు చేరుస్తూ తిప్పాలి. నీరు తక్కువైతే నురుగు పిండిలా పొడిబారుతుంది. ఎక్కువైతే పలుచబడి కారిపోతుంది. నీటి గుణం కూడా ముఖ్యమే. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టుగా మారతాయి. బోరు నీటితో సబ్బు నురగరాక విసిగినవారికి ఈ సంగతి అనుభవమే. మంచి కుంచెలను చాలాకాలం బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసేవారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆ సరఫరా తగ్గి, గుర్రపు వెంట్రుకలతో చేసిన కుంచెలు వచ్చాయి. సరిగా శుద్ధి చేయని ఆ వెంట్రుకల ద్వారా అమెరికా, బ్రిటన్ సైనికులలోనూ పౌరులలోనూ కొందరికి ఆంత్రాక్స్ వ్యాధి సోకింది. నేడు కృత్రిమ పోగుల కుంచెలు విరివిగా లభిస్తున్నాయి.

ఇక గీసే పద్ధతి. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో ఉండాలి. చేతితో నొక్కరాదు, రేజరు బరువే చాలు. మొదటిసారి వెంట్రుక వాలిన దిశలోనే గీయాలి. తిరిగి నురుగు పట్టించి, రెండవసారి అడ్డంగా గీయాలి. చర్మం ఓర్చుకుంటే మూడవసారి ఎదురుగా గీయవచ్చు. గొంతు మీద, దవడ కింద వెంట్రుకల వాలు మారుతూ ఉంటుంది. కనుక ఎవరి ముఖాన్ని వారు వేళ్ళతో తడిమి తెలుసుకోవలసిందే. చివరకు చల్లని నీటితో కడిగి, పటిక రాస్తే చిన్న గాట్లు మూసుకుంటాయి. తొందరపడినచోట పటిక చురుక్కుమంటుంది. ఆ మంటయే మరునాటికి పాఠం. ఇందులో ఖర్చు కూడా స్వల్పం. ఒక్కసారికి ఒకటి రెండు గ్రాముల సబ్బు చాలు. నూరు గ్రాముల డబ్బా ప్రతిదినం వాడినా రెండు నెలలు వస్తుంది.

పాశ్చాత్యులు తిరిగి కనుగొన్న ఈ పద్ధతి భారతదేశంలో ఏనాడూ పూర్తిగా పోలేదు. గోడకు చిన్న అద్దం తగిలించి, ఒక గిన్నెడు నీటితో, రెండంచుల బ్లేడుతో గడ్డం గీసుకొనే తండ్రిని చూసి ఎదిగినవారు తెలుగు ఇళ్ళలో ఎందరో. ఆ గిన్నెడు నీటి విలువ తెలియక జిల్లెట్ సంస్థ ఒకసారి దెబ్బతిన్నది. 2002లో భారతదేశం కోసం ఉద్దేశించిన ఒక రేజరును ఆ సంస్థ అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల చేత పరీక్షింపజేసింది. వారు మెచ్చుకున్నారు. కాని ఇక్కడ అది నిలవలేదు. అమెరికాలో కుళాయి నీటి ధార కింద వెంట్రుకలు కొట్టుకుపోయాయి. ఇక్కడ గిన్నెలో ముంచితే అవి బ్లేడ్ల మధ్యనే ఇరుక్కున్నాయి. ఈ అనుభవం తర్వాత ఇక్కడి ఇళ్ళను స్వయంగా పరిశీలించి, 2010లో ఒకే బ్లేడు ఉన్న చౌక రేజరును ఆ సంస్థ భారతదేశంలో విడుదల చేసింది. వాడేవాని చేతిని, నీటిని చూడకుండా పనిముట్టును తయారు చేయరాదని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

క్షౌరశాలలలోనూ మార్పు వచ్చింది. ఒకే కత్తిని పలువురికి వాడితే రక్తం ద్వారా హెపటైటిస్, హెచ్.ఐ.వి. వంటివి సోకే ప్రమాదం ఉంది. ఈ అవగాహన పెరిగిన తర్వాత, సగానికి విరిచిన బ్లేడును అమర్చుకొనే కత్తులు పాత కత్తుల స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. ప్రతి వ్యక్తికీ కొత్త బ్లేడు వాడమని కోరడం వినియోగదారుని హక్కు, బాధ్యత కూడా. పరికరం మారినా, కత్తిని నడిపే నేర్పు మాత్రం క్షురకుని చేతిలోనే ఉంది.

ఈ అభిరుచికి కూడా ఒక ప్రమాదం లేకపోలేదు. పారవేసే వస్తువుల మీద విసుగుతో మొదలుపెట్టినవారిలో కొందరు జీవితకాలంలో వాడి ముగించలేనన్ని సబ్బులు, కుంచెలు, రేజర్లు పోగు చేస్తారు. అప్పుడు కళ తరిగి, కొనుగోలు మాత్రమే మిగులుతుంది. ఒక సబ్బు, ఒక కుంచె, ఒక రేజరు ఉన్నవాడు కూడా ఈ విద్యలో పూర్ణుడు కావచ్చు.

తన గడ్డం తాను శ్రద్ధగా గీసుకొనడం నేర్చినవానికి మరొక మేలు కలుగుతుంది. సొంత ముఖం మీదనే కత్తి నడపడం ఇంత కష్టమైనప్పుడు, రోజుకు పదుల మంది ముఖాల మీద గాటు పడకుండా నడిపే చేయి ఎంత నేర్చిందో అతనికి అర్థమవుతుంది. ఒక దేశంలో ధర చెల్లించి నేర్చుకొనే కళ, మరొక చోట పుట్టుకను బట్టి తక్కువగా చూడబడిన వృత్తి, ఈ రెండూ ఒకే పని. పని విలువను కులం నిర్ణయించదు, చేతి నేర్పు నిర్ణయిస్తుంది. అద్దం ముందు నిలబడి ఈ సత్యాన్ని గ్రహించినవాడు, మరునాడు క్షౌరశాలలో కుర్చీ మీద కూర్చున్నప్పుడు తన వెనుక నిలిచిన మనిషిని గౌరవంతో పలకరిస్తాడు.