జిహ్వాచాపల్యం - దానిని నిలువరించు ఉపాయం

బరువు తగ్గించుకొనవలెనని వైద్యుడు చెప్పగా నియమం పట్టి, వారం తిరగకముందే దానిని విడిచి, "నాకు మనోనిగ్రహం లేదు" అని కుమిలిపోయేవారు మనలో అనేకులున్నారు. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు ఇంటింటా కనిపించే ఈ కాలంలో ఇది తేలికగా తీసివేయదగిన విషయం కాదు. నియమం తప్పినవారందరూ మనోబలం లేనివారేనా? ఈ ప్రశ్నను శాస్త్రదృష్టితో విచారిద్దాం.

శ్రీమద్భాగవతం ఏకాదశస్కంధంలో అవధూత యదుమహారాజుకు తన 24 మంది గురువులను గూర్చి చెబుతాడు. వారిలో చేప ఒకటి. గాలానికి గుచ్చిన ఎరను ఆశించి అది ప్రాణం పోగొట్టుకొంటుంది. ఆ సందర్భంలో అవధూత చెప్పిన విశేషం గమనించదగినది. ఆహారం మానినవానికి తక్కిన ఇంద్రియాలు త్వరగా వశమౌతాయి. నాలుక మాత్రం లొంగదు సరికదా, దాని ఆశ మరింత పెరుగుతుంది. భగవద్గీత రెండవ అధ్యాయం 59వ శ్లోకంలోను, నిరాహారికి విషయాలు తొలగినా వాటి మీది రుచి లోపల మిగిలియే ఉంటుందని భగవానుడు సెలవిచ్చాడు.

ఇది పెద్దల ఊహ మాత్రమే కాదు. 1944-45 సంవత్సరాలలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు ఆరు మాసాలపాటు ఆహారం సుమారు సగానికి తగ్గించి పరిశీలించాడు. వారు తిండిపోతులు కారు. యుద్ధంలో ఆయుధం పట్టడం తమ అంతరాత్మకు విరుద్ధమని నిలబడి, ఈ పరీక్షకు స్వచ్ఛందంగా వచ్చిన దృఢచిత్తులు. అట్టివారికి సైతం రేయింబవళ్లు తిండిధ్యాస పట్టుకొన్నది. కొందరు వంటల పుస్తకాలు తెచ్చుకొని చదువసాగారు! కావున ఒక్కసారిగా కడుపు మాడ్చుకొన్నవానికి నోరూరితే, అది దౌర్బల్యమని నిందించుకోవలసిన పని లేదు. చరకుడు సైతం స్థూలకాయుని గూర్చి చెబుతూ, కొవ్వు చేత మార్గం నిరోధింపబడిన వాయువు కోష్ఠంలో తిరిగి జఠరాగ్నిని రగిలిస్తుందని, అందుచేత అతనికి ఆకలి అధికమని వివరించాడు. వ్యాయామాదులను క్రమంగా పెంచుకొమ్మన్నాడు.

ఇక మనసు సంగతి. విషయాన్ని ధ్యానించగా సంగం, సంగం నుండి కామం పుడతాయని గీతాక్రమం. అనగా కోరిక మొదట నాలుక మీద పుట్టదు, తలపులో పుడుతుంది. 1970 ప్రాంతాలలో వాల్టర్ మిషెల్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు స్టాన్‌ఫర్డ్‌లో చిన్నపిల్లల ముందు మిఠాయి ఉంచి, కొంతసేపు ఓర్చితే ఎక్కువ ఇస్తానన్నాడు. మిఠాయి కంటి ఎదుట ఉన్నప్పుడు పిల్లలు త్వరగా ఓడిపోయారు. కప్పి ఉంచినప్పుడు ఎక్కువసేపు ఆగారు. దాని తీపిని తలచినవారు ఆగలేదు. దానిని తెల్లని మబ్బుగా భావించినవారు ఆగగలిగారు. (అట్లా ఓర్చిన పిల్లలే పెద్దయ్యాక రాణిస్తారని ఎంతో ప్రచారం జరిగింది. 2018లో ప్రచురితమైన మరింత విస్తృతమైన పరిశీలనలో ఆ సంబంధం చాలా స్వల్పమని తేలింది. పిల్లవాని ఓర్పును జాతకంగా చదువరాదు.) మన ఇండ్లలో జంతికల డబ్బా కంటికి ఎదురుగా బల్ల మీద పెట్టి, నిగ్రహం నిగ్రహమని జపించడం ఎంత వ్యర్థమో దీనివలన తెలుస్తుంది.

అయితే "తలచుకోను, తలచుకోను" అనుకొన్నా ఫలితం లేదు. మందు మింగేటప్పుడు కోతిని తలచుకోవద్దని వైద్యుడు చెప్పిన కథ మీరెరిగినదే. తలపును బలాత్కారంగా అణచరాదు, దాని స్థానంలో మరొక తలపును నిలుపవలెను. పతంజలి యోగసూత్రాలలో దీనికి ప్రతిపక్షభావన అని పేరు. నోరూరిన క్షణాన విష్ణుసహస్రనామం అందుకోవడం, కోనేటి చుట్టూ నాలుగుసార్లు నడిచిరావడం ఇట్టివే.

మన పూజాసంకల్పంలో దేశం, కాలం, కర్త, చేయబోయే కర్మ అన్నీ స్పష్టంగా చెప్పుకొంటాం. "తక్కువ తింటాను" అనే నియమంలో ఇవేవీ లేవు, అందుకే అది నిలువదు. "సాయంకాలం కాఫీతో పాటు పళ్లెం వచ్చినప్పుడు ఒక్క పండు మాత్రం తీసుకొంటాను" అన్నది సంకల్పం. ఏ సందర్భంలో ఏమి చేయాలో ముందే నిర్ణయించుకొన్న నియమం ఎక్కువగా నెరవేరుతుందని గోల్విట్సర్ అనే జర్మనీ పండితుడు పరిశోధించి చూపాడు.

ఇన్ని చేసినా ఒకనాడు తప్పుతుంది. అసలు ప్రమాదం అక్కడ ఉన్నది. 1975లో ప్రచురితమైన ఒక పరీక్షలో, ఆహారనియమం పాటించేవారికి ముందుగా తీపి పాలపానీయం ఇచ్చి, పిదప ఐస్‌క్రీమ్ పెట్టగా, పానీయం తాగని నియమపరుల కంటే వీరే ఎక్కువ తిన్నారు. "ఎట్లాగూ చెడింది, ఇక ఈ రోజుకు తినేద్దాం" అనే బుద్ధి ఇది. ఒక లడ్డు వలన కలిగే నష్టం స్వల్పం. దాని వెనుక వచ్చే ఐదు లడ్లు ఈ బుద్ధి వలన వచ్చినవి. చంచలమైన మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడినుండి మరలించి తెచ్చుకొమ్మని గీత ఆరవ అధ్యాయం చెప్పింది. తర్వాతి ముద్ద దగ్గరే నియమం మళ్లీ మొదలుపెట్టవచ్చును, రేపటి వరకు ఆగనక్కర లేదు.

భోజనవిధిలో పరిషేచనం, ఔపోశనం, ప్రాణాహుతులు ఉన్నవి. ఆకలితో కూర్చొన్నవాడు వెంటనే మింగకుండా ఇవి ఒక క్షణం నిలుపుతాయి. చివర ఉత్తరాపోశనం పట్టిన పిదప మరల తినరాదు. భోజనం ముగిసినదని చేతికి, నోటికి, మనసుకు ఒకేసారి తెలియజేయడానికి ఇంతకంటె చక్కని ఏర్పాటు ఏమున్నది? ఉదరంలో రెండు భాగాలు అన్నానికి, ఒకటి ద్రవానికి, ఒకటి వాయుసంచారానికి విడువుమని అష్టాంగహృదయం.

ప్రసాదం వద్దనడం అపచారం కాదా అని కొందరు అడుగుతారు. కన్నుల కద్దుకొని చిటికెడు నోట వేసుకొని, మిగిలినది పదిమందికి పంచితే లోపమేమీ లేదు. చక్రపొంగలి దొన్నెలతో కొలిచి భక్తిని నిరూపించనక్కరలేదు. ఏకాదశినాడు అన్నం మాని నేతి ఉప్మా రెండింతలు తినేవారు ఉపవాసమన్న మాటకు దేవుని సమీపంలో ఉండుట అని అర్థమున్నదని గుర్తు తెచ్చుకొందురు గాక. అయితే మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు మాత్రం పూర్తి ఉపవాసానికి ముందు వైద్యుని తప్పక అడుగవలెను. మందు వేసుకొని ఆహారం మానితే రక్తంలో చక్కెర అపాయకరంగా పడిపోవచ్చు. అట్టివారు వైద్యుడు చెప్పిన వేళకు మితంగా తిని, ఆనాడు నామసంకీర్తనకు వచ్చి కూర్చొనవచ్చును.