గోడౌన్ ఇంట్లో బాత్రూమ్: టైల్స్ కంటే ముందు నీళ్ళ దారి చూడండి

ఈ వారం టాపిక్ బాత్రూమ్. నవ్వకండి. రీల్స్‌లో గోడౌన్‌ని ఇల్లుగా మార్చినవాళ్ళు ఎర్ర ఇటుక గోడ, ఇనప దూలాలు, ఎత్తైన కిటికీ, దాని పక్కన నల్ల కుళాయి చూపిస్తారు. ఆ కుళాయి నీళ్ళు ఎటు పోతాయో మాత్రం ఎవరూ చూపించరు. మనం ఇవాళ మాట్లాడుకునేది దాని గురించే.

మన వైపు పాత గోడౌన్లకు కొదవ లేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగునార పండేది, నెల్లిమర్లలాంటి చోట్ల జూట్ మిల్లులు వచ్చాయి. నౌపడలో ఉప్పు, పలాసలో జీడిపప్పు. సరుకున్న చోటల్లా గోడౌన్ ఉంటుంది కదా. ఊరు పెరిగేసరికి వాటిలో కొన్ని బజారు మధ్యలోకి వచ్చేశాయి.

మేం విజయనగరంలో అలాంటి ఒక గోడౌన్ పై అంతస్తులో అద్దెకుంటున్నాం. నేను, అమ్మ, మా మామ్మ. బాత్రూమ్ కింద పెరట్లో ఉండేది, ఎప్పుడో కలాసీల కోసం కట్టింది. మామ్మకి మోకాళ్ళ నొప్పులు. రాత్రిపూట మెట్లు దిగాల్సొస్తుందని సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్ళు తాగడమే మానేసింది. అది తెలిశాక పైన బాత్రూమ్ కట్టాలని తేల్చుకున్నాం. ఓనర్ గారితో మాట్లాడి, ఖర్చు ఎవరిదెంతో కాగితం మీద రాసుకున్నాం. ఒక్కటే భయం: కింద ఇప్పటికీ గోడౌనే. నిండా బియ్యం బస్తాలు. పైనుంచి నీళ్ళు కారితే ఆ బస్తాలు ముక్కిపోతాయి. ఆ నష్టం మేమే కట్టాలి, ఆపైన ఇల్లూ వదులుకోవాలి.

గోడౌన్‌కి, ఇంటికి తేడా ఏంటి?

గోడౌన్ కట్టేదే లోపలికి నీళ్ళు రాకుండా. ఇప్పుడు మనం కావాలని నీళ్ళు లోపలికి తెస్తున్నాం. అందుకే మామూలు ఇంట్లో ఉండేవి ఇక్కడ ఉండవు: డ్రైనేజీ పైపు ఉండదు, బాత్రూమ్ కోసం కిందికి దించిన శ్లాబు ఉండదు.

రెండోది, ఆ గోడౌన్‌లో ఇంతకుముందు ఏం పెట్టేవారో అడగండి. ఉప్పు పెట్టేవారంటే గోడ ఆ ఉప్పుని పీల్చుకుని ఉంటుంది. తేమ తగలగానే తెల్లటి పిండిలా బయటికొస్తుంది. దాని మీద టైల్ అతికిస్తే కొన్నాళ్ళకి ఊడుతుంది. జీడిపిక్కలు కాల్చి, కొట్టిన షెడ్డయితే నేలకి జీడినూనె పట్టి ఉంటుంది. నూనె పట్టిన నేలని సిమెంట్ అంటుకోదు. ఈ రెండు చోట్లా పాత గచ్చు, పాత పూత తీసేయాల్సిందే. గోడ మరీ ఉప్పుపట్టి ఉంటే దానికి కొంచెం ఎడంగా కొత్తగా సన్నగోడ కట్టుకుని, దానికి టైల్స్ వేయించుకోవడం మేలు.

బరువు లెక్క

పై అంతస్తయితే ముందు కింద నుంచి పైకి చూడండి. చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పాత మిద్దె కనిపిస్తే, ఇంజినీర్‌కి చూపించకుండా ఒక్క బస్తా సిమెంట్ కూడా పైకెక్కించొద్దు. చెక్కకి తేమ తగిలితే లోపల్లోపలే పుచ్చిపోతుంది. మాది కాంక్రీట్ శ్లాబు. అయినా ఇంజినీర్‌ని పిలిచే చూపించాం.

మా బాత్రూమ్ ఐదడుగులు బై ఏడడుగులు. శ్లాబు కిందికి దించి లేదు కాబట్టి, పైపులు పట్టడానికి నేలనే పైకి లేపాలి. ఎనిమిది అంగుళాలు ఇటుక ముక్కలు, సిమెంట్‌తో నింపితే ఎంత బరువో తెలుసా? టన్ను పైమాటే. ఇంకా టైల్స్, మనిషి, బకెట్లు కలపలేదు.

దీనికి రెండు పనులు చేశాం. ఒకటి, కమోడ్ పైపు కిందికి కాకుండా వెనక్కి, నేరుగా బయటి గోడలోకి వెళ్ళే రకం తీసుకున్నాం. షాపులో పీ-ట్రాప్ అని అడగండి. దాంతో నేల ఆరంగుళాలు లేపితే సరిపోయింది. రెండు, ఇటుక ముక్కల బదులు తేలిక బ్లాకులు వాడాం. వాటి బరువు మూడు వందల కిలోల దగ్గర ఆగింది. గుమ్మం దగ్గర ఆరంగుళాల మెట్టు వచ్చింది కాబట్టి, పక్కనే పట్టుకోవడానికి స్టీల్ కడ్డీ. పాత సున్నం గోడలో మేకులు గట్టిగా నిలవవు, అందుకే ఆ చోట చిన్న కాంక్రీట్ దిమ్మె పోయించి దానికి బిగించాం.

వాటం

మా తాపీమేస్త్రి గారు ఒకే మాట అన్నారు: "బాబూ, నీరు మన మాట ఇనదు, పల్లం మాటే ఇంటాది." నేల వాటం ఐదడుగులకి ముప్పావు అంగుళం ఉంటే చాలు. ఎక్కువైతే కాలు జారుతుంది, తక్కువైతే నీళ్ళు నిలుస్తాయి. బయటికెళ్ళే నాలుగంగుళాల పైపుకి పదడుగులకి రెండంగుళాలు. ఇక్కడే పాత గోడౌన్ మనకొక మేలు చేస్తుంది. బళ్ళ మీంచి సరుకు దించడానికి వీలుగా చాలావాటికి అరుగు ఎత్తుగా కట్టారు. కింది అంతస్తులో బాత్రూమ్ కట్టుకునేవాళ్ళకి ఆ ఎత్తే వాటం ఇస్తుంది.

48 గంటల పరీక్ష

ఈ వీడియోలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. వాటర్‌ప్రూఫ్ పూత నేలంతా వేసి, గోడల మీదకి అడుగు ఎత్తు, షవర్ ఉన్న గోడకి ఆరడుగులు వేయాలి. అది ఆరాక, టైల్స్ వేయకముందే, పైపు నోళ్ళు మూసేసి రెండంగుళాల నీళ్ళు నిలబెట్టాలి. గోడ మీద పెన్సిల్‌తో గీత. 48 గంటలు ఆగాలి.

మేం నీళ్ళు పెట్టే ముందు కింద షావుకారు గారికి చెప్పాం. ఆయన బస్తాలు పక్కకి జరిపించారు. తెల్లారేసరికి నీళ్ళు గీత కంటే అరంగుళం దిగాయి. కింద టార్చ్ వేసి చూస్తే పైపు గోడ దాటే చోట చెమ్మ. ప్లాస్టిక్ పైపు నున్నగా ఉంటుంది, సిమెంట్ ఆరేటప్పుడు కుంచించుకుని దాన్ని వదిలేస్తుంది. అక్కడ తవ్వి, పైపుని గరుకు చేసి, జిగురు మీద ఇసుక చల్లి, కుంచించుకోని గ్రౌట్‌తో మళ్ళీ నింపారు. పూత వేసి మళ్ళీ 48 గంటలు. ఈసారి గీత దగ్గరే ఉంది. టైల్స్ వేశాక ఇది బయటపడి ఉంటే అన్నీ పగలగొట్టాల్సొచ్చేది.

ఇంకొన్ని చిన్న విషయాలు

నేల మీది జాలీ కింద ట్రాప్‌లో రెండంగుళాల నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండాలి. కంపు, బొద్దింకలు పైకి రాకుండా ఆపేవి ఆ నీళ్ళే. ఊరెళ్ళి వచ్చాక వాసనొస్తే అవి ఆరిపోయాయన్నమాట, ఒక మగ్గు నీళ్ళు పోయండి. గీజర్ లైన్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగ్ తప్పనిసరి. షవర్‌లో ధార ట్యాంక్ ఎత్తుని బట్టి వస్తుంది. పదడుగుల ఎత్తులో ట్యాంకుంటే మూడో వంతు బార్ కూడా రాదు, కాబట్టి ఖరీదైన రెయిన్ షవర్ కొని నిరాశపడొద్దు. బకెట్లు, డ్రమ్ముకి చోటుంచండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంట్ లేదు. కరెంట్ లేకపోతే మోటార్ లేదు.

పర్మిషన్ సంగతి కూడా. న్యూయార్క్‌లోని సోహోలో 1960లలో ఆర్టిస్టులు ఖాళీ ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో కాపురాలు పెట్టారు. అలాంటి ఇళ్ళని చట్టబద్ధం చేసి, అద్దెకున్నవాళ్ళకి రక్షణ ఇవ్వడానికి 1982లో లాఫ్ట్ చట్టం తేవాల్సొచ్చింది. మన దగ్గరా గోడౌన్‌ని నివాసంగా వాడాలంటే ముందు మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ వాళ్ళని అడగండి.

మొత్తానికి వరస ఇది: కాగితం, బరువు, వాటం, పూత, పరీక్ష, ఆ తర్వాత టైల్. డబ్బు తక్కువైతే టైల్ దగ్గర తగ్గించండి, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కింద ఉన్నవాళ్ళ బస్తాలు తడిస్తే మాత్రం ఆ మాట మళ్ళీ తెచ్చుకోలేం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.