ట్రాక్టరు క్యాబిన్‌లో శబ్ద నియంత్రణ

ట్రాక్టరు శబ్దం వల్ల చోదకుని వినికిడి నొప్పి తెలియకుండానే క్రమంగా క్షీణిస్తుంది. లోపలి చెవిలో నశించిన రోమకణాలు తిరిగి పెరగవు. అమెరికాలోని నియోష్ సంస్థ సిఫారసు ప్రకారం రోజుకు 8 గంటల పనికి శబ్ద పరిమితి 85 డెసిబెళ్లు. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఈ వ్యవధి సగమవుతుంది. 94 డెసిబెళ్ల వద్ద మిగిలేది 1 గంట మాత్రమే.

క్యాబిన్‌లోనికి శబ్దం ప్రధానంగా రేకుల కంపనం ద్వారా, సందుల ద్వారా చేరుతుంది. కేవలం ఫోమ్ అతికిస్తే లోపలి ప్రతిధ్వని తగ్గుతుందే గాని ఈ రెండు మార్గాలు మూసుకుపోవు. కావున మొదట రేకులపై జిడ్డు, తుప్పు తొలగించి, ఆరిన పిదప అల్యూమినియం పూత గల బ్యూటైల్ రబ్బరు షీటును గాలి బుడగలు లేకుండా రోలరుతో అదిమి అతికించాలి. రేకు మొత్తాన్ని కప్పనవసరం లేదు. అధికంగా కంపించే మధ్యభాగం ముఖ్యం. తరువాత లీవర్లు, పెడళ్ల వద్దనున్న రంధ్రాలను రబ్బరు తొడుగులతో మూయాలి. చివరగా పైకప్పు లోపల మంటలను నిరోధించే ఫోమ్ అమర్చాలి.

పనికి ముందు, తరువాత ఒకే ఇంజను వేగం వద్ద చోదకుని చెవి సమీపంలో శబ్దాన్ని కొలిచి ఫలితాన్ని నిర్ధారించాలి. క్యాబిన్ లేని ట్రాక్టర్ల చోదకులకు చెవి రక్షణ సాధనాలు తప్పనిసరి.