కిరాయి కట్టిన పేరు

మోండా మార్కెట్లో ఇత్తడి సామాన్లు అమ్మే ఒకాయన కొట్టు పేరుతో ఇంటర్నెట్ చిరునామా తీసుకుందామనుకున్నాడు. అది అప్పటికే ఎవరి పేరిటో ఉంది. తెరిస్తే ఖాళీ పేజీ, ఏళ్ల తరబడి అంతే. "వాడుకోనివాళ్లు మాకిస్తే ఏం పోయింది?" అన్నాడు. పక్కన షట్టర్ దించిన మల్గీని చూపించి అదే మాట అడగండి, జవాబు ఆయనే చెప్తాడు: కిరాయి కడుతున్నంతకాలం తాళం వాళ్లదే. ఇంటర్నెట్ పేరుకూ అంతే, గడువు గడువుకూ కట్టే రుసుమే దాని కిరాయి.

మొదట్లో ఈ కిరాయి లేదు. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త పేరు కావాలంటే వాళ్లకు చెప్పాలి, వాళ్లు ఎక్కించాక మిగతావాళ్లు ఆ ఫైలు దించుకోవాలి. కంప్యూటర్లు పెరిగి ఆ పద్ధతి చేతులెత్తేసింది. 1983లో పాల్ మోకపెట్రిస్ ఆ జాబితాను ముక్కలుచేసి పంచే డొమైన్ నేమ్ సిస్టమ్‌ను రూపొందించాడు. ఇప్పుడు మనం ఒక .కామ్ పేరు కొడితే రూట్ సర్వర్ ".కామ్ వాళ్లనడుగు" అంటుంది. .కామ్ వాళ్లు ఆ పేరు లెక్క చూసే సర్వర్‌ను చూపిస్తారు. అది అంకెల చిరునామా చెబుతుంది. లోపల మనిషున్నాడా లేడా అని దారిలో ఎవరూ అడగరు. పేర్ల పట్టీ నడిపే రిజిస్ట్రీ చూసేది పేరు నమోదై ఉందా, గడువెప్పుడు అన్నవే.

మొదటి .కామ్ పేరు సింబాలిక్స్.కామ్, 1985 మార్చి 15న నమోదైంది. 1995 సెప్టెంబరు దాకా నమోదు ఉచితమే. ఊరికే వస్తుంటే ఊరుకుంటారా? 1994లో జాషువా క్విట్నర్ అనే పాత్రికేయుడు మెక్‌డొనాల్డ్స్ పేరునే రాయించుకుని, ఆ కంపెనీ ఒక బడికి కంప్యూటర్ల కోసం డబ్బిచ్చాకే వదిలాడు. 1995 సెప్టెంబరులో రెండేళ్ల నమోదుకు 100 డాలర్ల చొప్పున రుసుము పెట్టారు.

గడువు దాటినా .కామ్ పేరు వెంటనే చేజారదు. 45 రోజుల దాకా మామూలు రెన్యువల్‌కు వీలుండొచ్చు. పేరు తొలగించాక 30 రోజులు అదనపు రుసుముతో విడిపించుకోవచ్చు. ఆపై 5 రోజులు ఎవరికీ అందదు. అప్పుడు గాని బయటికి రాదు. చాలా పేర్లు అంతదాకా కూడా రావు, పేర్లు అమ్మే రిజిస్ట్రార్లు మధ్యలోనే వేలం వేసేస్తారు.

కోర్టు దారి ఉంది గాని అది వేరే లెక్క. మోండాకు అంత దూరం కాని ఎస్.పి. రోడ్డులో అప్పట్లో కార్యాలయమున్న సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధ సంస్థగా సత్యం ఇన్ఫోవే ఉండేది. 'సిఫీ' అనే తమ పేరును పోలిన పేర్లు పెట్టుకున్నవాళ్ల మీద అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2004లో గెలిచింది. డొమైన్ పేరుకూ వ్యాపార చిహ్నంలాగే రక్షణ ఉంటుందని కోర్టు చెప్పింది. అక్కడ నెగ్గింది ముందునుంచీ ఉన్న పేరుప్రతిష్ఠ. అవతలివాడు వాడటం లేదన్న వాదన ఒక్కటే పట్టుకుని వెళ్తే పని కాదు.

మెయిల్ ఐడీల్లా ఇంకొకరి సైట్లో ఉచితంగా దొరికే పేర్లకు ఈ కిరాయి గడువు కూడా ఉండదు. వాడకుండా పడున్నవాటిని తిరిగి పంచకపోవడం పిసినారితనంలా కనిపిస్తుంది గాని, నాకది సబబే అనిపిస్తుంది. 2013లో యాహూ ఏడాదికి పైగా వాడని ఐడీలను కొత్తవాళ్లకిచ్చి చూసింది. పాత యజమానుల సొంత వివరాలతో సహా ఉత్తరాలు కొత్తవాళ్ల ఇన్‌బాక్సుల్లో పడ్డాయి. చివరికి 'ఇది నా మెయిల్ కాదు' అనే బటన్ ఒకటి పెట్టాల్సి వచ్చింది.