పగిలిన ఫోనులో ఫొటోలు

మొన్న ఒకావిడ ఫోన్ చేశారు. మొబైల్ కిందపడి తెర నల్లబడిందట. నెల్లూరులో వాళ్ళమ్మగారితో దిగిన ఆఖరి ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా దాచలేదు.

రింగు వినిపిస్తోందా అన్నాను. వినిపిస్తోందట. అయితే ప్రాణం ఉన్నట్టే! ఆండ్రాయిడ్ తెర కనబడుతూ వేలికి పలకకపోతే ఓటీజీ ముక్కతో మౌసు తగిలించి లాక్ తీయొచ్చు. నల్లబడితే సాధారణంగా తెర మార్పించాల్సి వస్తుంది. అంతా చెరిపేస్తామనే షాపుకి మాత్రం ఇవ్వకండి.

2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్త ఫోన్లన్నిటిలో ఫొటోలు గుప్తలిపిలోనే ఉంటాయి. తాళంచెవి ఆ ఫోను బోర్డులోనే. మెమరీ చిప్పు ఊడబీకి వేరేచోట చదవడం కుదరదు, బోర్డునే బతికించాలి. లాక్ నంబరూ గుర్తుండాలి.

అన్నట్టు, వాట్సాప్‌లో ఇంటికేమైనా పంపారేమో, అక్కడివాళ్ళ ఫోన్లలో వెతికించండి. ఆవిడకి మూడు ఫొటోలు తమ్ముడి దగ్గర దొరికాయి. మిగతావి తెర మార్చాక వచ్చాయి.