మ్యూజిక్ టీచర్ ఇంటర్వ్యూ: పాడటం కాదు, పాడించడం చూస్తారు

"మా అమ్మాయి గొంతు బాగుంటుంది, హార్మోనియం కూడా వచ్చు, స్కూల్లో మ్యూజిక్ టీచర్ ఉద్యోగం రాకుండా పోతుందా" అని ఇంట్లో పెద్దవాళ్లు అనుకోవడం మామూలే. తీరా ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాక "బాగానే పాడాను, అయినా తీసుకోలేదు" అన్న మాట వినిపిస్తుంది. స్కూలు వెతికేది గాయకురాలిని కాదు. నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ల చేత పాడించగల టీచర్‌ని. ఈ తేడా ముందే తెలిస్తే సగం తయారీ అయినట్టే.

అవకాశాలు లేవని కాదు. కళా విద్యకు వారానికి కనీసం రెండు పీరియడ్లు ఇవ్వాలని సీబీఎస్‌ఈ 2019లోనే తన స్కూళ్లకు చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా సంగీతాన్ని చదువు పక్కన పెట్టే సరదాగా కాక చదువులో భాగంగానే చూడమంది. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ రెగ్యులర్ పోస్టు మూల వేతనం 35,400 రూపాయల దగ్గర మొదలవుతుంది. అవే విద్యాలయాలు కొత్త విద్యా సంవత్సరానికి ముందు కాంట్రాక్టు పోస్టులకు నేరుగా ఇంటర్వ్యూలు పెడుతుంటాయి, అందులో సంగీతం కోచ్‌లనూ పిలుస్తారు. తెలంగాణ గురుకులాల నియామక బోర్డు 2023లో మ్యూజిక్ టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రైవేటు స్కూళ్ల సంగతి ఎవరి లెక్క వాళ్లది.

కాగితాల దగ్గరే కొందరు ఆగిపోతారు. ఉస్తాద్ దగ్గర పదేళ్లు తాలీమ్ తీసుకున్నా, చేతిలో సర్టిఫికెట్ లేకపోతే ప్రభుత్వ పోస్టుకి ఆ పదేళ్లూ లెక్కలోకి రావు. విజయనగరంలో 1919 నుంచి నడుస్తున్న మహారాజా సంగీత కళాశాల, హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ సంగీత కళాశాలలు సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు నడుపుతున్నాయి. హిందుస్తానీ నేర్చుకున్నవాళ్లకు గాంధర్వ మహావిద్యాలయ మండల్ విశారద్ లాంటి పరీక్షలున్నాయి. ఏ పోస్టుకి ఏది చెల్లుతుందో ఆ నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి, ఎవరో చెప్పిన మాట మీద ఫీజు కట్టకూడదు.

ఇంకో చిన్న చిక్కు మన ఇళ్లలోనే ఎక్కువ. టెన్త్ మెమోలో "షేక్", ఆధార్‌లో "ఎస్.కె.", సంగీతం డిప్లొమాలో ఇంటిపేరే ఉండదు. సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఇది పెద్ద గొడవ అవుతుంది. నెల ముందే సరిచేయించుకోవడం మేలు.

ఇక అసలు పరీక్ష డెమో క్లాసు. పది, పదిహేను నిమిషాలు ఇస్తారు, చాలాసార్లు నాలుగో తరగతో ఐదో తరగతో. ఎక్కువమంది చేసే పొరపాటు ఏంటంటే, మొదటి ఆరు నిమిషాలు తామే పాడతారు. ప్రిన్సిపాల్ చూసేది మాత్రం పిల్లల నోళ్లు ఎప్పుడు తెరుచుకున్నాయా అని.

పాట చిన్నది కావాలి. నాలుగు పాదాలు చాలు. మోహన రాగంలో ఉంటే ఇంకా సులువు, ఐదు స్వరాలే కాబట్టి పిల్లలు తొందరగా పట్టుకుంటారు. ముందు తాళం చప్పట్లతో వేయించాలి, తర్వాత మాటలు పలికించాలి, ఆ పైన ఒక్కో పాదం పాడి పాడించాలి. రెండు పాదాలు వచ్చాక క్లాసుని రెండు భాగాలు చేసి, సగం మంది పాడుతుంటే సగం మంది తాళం వేసేలా చూడాలి. ఎవరూ ఖాళీగా ఉండరు కాబట్టి అల్లరి దానంతటదే తగ్గుతుంది. "సైలెన్స్" అని అరిచే పని ఉండదు.

శ్రుతి దగ్గర జాగ్రత్త. మగ టీచర్ తన గొంతుకి హాయిగా ఉన్న ఒకటో శ్రుతిలో మొదలుపెడితే, పిల్లలు కింది స్వరాలు అందక గొణుగుతారు. ముందు వాళ్లని ఒక పాదం అనమని, వాళ్ల గొంతు ఎక్కడ నిలుస్తుందో విని, అక్కడ షడ్జమం పెట్టాలి. ఈ ఒక్క పని చూసి తెలిసిన ఎగ్జామినర్ ఈమె టీచరే అని అనుకుంటారు.

మన పిల్లల్లో హిందుస్తానీ వైపు నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. తెలుగు ప్రాంతంలో బోర్డు మీద కూర్చున్నవాళ్లది ఎక్కువగా కర్ణాటక బాణీ. భయపడనక్కర్లేదు, పేర్లు తెలిసుంటే చాలు. యమన్ అంటే వీళ్లకి కల్యాణి, భూప్ అంటే మోహన, మాల్కౌన్స్ అంటే హిందోళం, భైరవ్ అంటే సరళీ వరుసలు మొదలుపెట్టే మాయామాళవగౌళ. గమకాలు, పాడే తీరు వేరు కావచ్చు, స్వరాలు మాత్రం దాదాపు అవే. ఎనిమిది మాత్రల కహర్వా తెలిసినవాళ్లకి ఎనిమిది అక్షరాల ఆది తాళం లెక్క వారంలో చేతికొస్తుంది.

ప్రశ్నలు సిలబస్ నుంచే రావు. శ్రుతి అస్సలు కలవని పిల్లాడిని ఏం చేస్తారు? ఏడెనిమిది తరగతుల మగపిల్లలకి గొంతు మారుతుంటే యాన్యువల్ డేలో ఎక్కడ నిలబెడతారు? వాయిద్యాలు కొనడానికి డబ్బుల్లేవంటే? "ఆ పిల్లాడిని పక్కన పెడతాను" అన్న జవాబు ఉద్యోగం పోగొడుతుంది. కాస్త తక్కువ స్థాయిలో పాడించడం, తాళం అప్పజెప్పడం, గ్లాసులూ డబ్బాలతో లయ నేర్పడం లాంటి జవాబులు నిలబడతాయి.

ఉర్దూ వచ్చిన అభ్యర్థి ఆ సంగతి దాచుకోకూడదు. ఇక్బాల్ 1904లో రాసిన తరానా-ఎ-హిందీ చాలా స్కూళ్లలో పాడతారు, కానీ ఖ, గ, జ శబ్దాలు సరిగ్గా పలికించేవాళ్లు తక్కువ. అసెంబ్లీలో జాతీయ గీతం సుమారు 52 సెకన్లలో పూర్తయ్యేలా పాడించడం కూడా మ్యూజిక్ టీచర్ బాధ్యతే, దాన్ని సాధన చేసి వెళ్లాలి.

అన్ని మతాల ప్రార్థన గీతాలూ నేర్పగలరా అని అడిగే అవకాశముంది. దీనికి జవాబు ఇంటర్వ్యూ గదిలో ఆలోచించేది కాదు. అమ్మీ, అబ్బాతో ముందే కూర్చుని మాట్లాడుకుని, తను మనస్ఫూర్తిగా చేయగలిగిందే చెప్పాలి. అక్కడ సరేనని చేరి, తర్వాత ప్రతి పండక్కీ స్కూలుతో గొడవపడటం ఇద్దరికీ కష్టం. సంగీతం మనవాళ్లది కాదన్న మాట ఎవరైనా అంటే, ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబ్ పేరు చాలు.

ఇంట్లోవాళ్లకి మరో అనుమానం సమయం మీద ఉంటుంది. యాన్యువల్ డే ముందు రిహార్సల్స్ సాయంత్రం దాకా సాగుతాయి. ఆ రోజుల్లో బస్సు ఇస్తారా, వారానికి ఎన్ని పీరియడ్లు, వేసవి సెలవుల జీతం ఇస్తారా అని చివర్లో అడగడం తప్పేమీ కాదు. "ఏమైనా అడగాలా" అని వాళ్లే అంటారు. కాంట్రాక్టు పోస్టైతే ఆ జవాబుల్ని ఆర్డర్ కాగితం మీద కూడా చూసుకుని సంతకం పెట్టాలి.